వేరే దారి లేదంట

రక్తం పడడం మొదలైన కొత్తలో నేను దాన్ని మొలలే అనుకున్నాను. అలా అనుకోకుండా ఎలా ఉంటాను? మా డిపోలో పదేళ్లు దాటిన కండక్టర్లలో మొలలు లేనివాళ్లు తక్కువ. నాది నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే ఏజెన్సీ సర్వీసు. డౌనూరు దాటితే ఘాట్ రోడ్డు. బస్సు మెలికలు తిరుగుతూ లంబసింగి ఎక్కేదాకా ఆడమనిషి దిగి కూర్చోవడానికి చోటుండదు. అందుకని ట్రిప్పుకి ముందు నీళ్లు తాగం. నీళ్లు తాగకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. అదే అయిందనుకున్నాను.

మా నర్సీపట్నం అబీద్ సెంటర్ దగ్గర మొలలకి మందిచ్చే ఆయన దగ్గరికి కొన్నాళ్లు తిరిగాను. ఆయన పసరు మాత్రలిచ్చాడు, ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చాడు, వంకాయ తినొద్దన్నాడు. రక్తం కొన్నాళ్లు ఆగేది, మళ్లీ వచ్చేది. ఒకరోజు చింతపల్లిలో బస్సు దిగుతుంటే కళ్లు తిరిగి ఫుట్‌బోర్డు మీదే కూర్చుండిపోయాను. మర్నాడు పెద్దాసుపత్రికి వెళ్తే అక్కడున్న చిన్నవయసు డాక్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసి, మొలలని మీకెవరు చెప్పారని అడిగింది. ఎవరూ చెప్పలేదు, నేనే చెప్పుకున్నానన్నాను. పెద్దపేగు లోపలికి కెమెరా పంపి చూడాలి, విశాఖపట్నం వెళ్లండి, వాయిదా వెయ్యొద్దు అంది.

మా ఆయనకి బలిఘట్టం వెళ్లే రోడ్డులో మోటార్లు వైండింగ్ చేసే షాపుంది. నెమ్మది మనిషి. కాలిపోయిన మోటారు ఎదురుగా పెట్టుకుని రాగి తీగ చుట్టడం మొదలుపెడితే పక్కన పిడుగు పడినా తలెత్తడు. కానీ ఆసుపత్రి పేరెత్తితే ఆయన మొహం మారిపోతుంది. వాళ్లమ్మ కడుపులో గడ్డతో పోయింది. పసరు వైద్యం, నాటు వైద్యం అంటూ తిరిగి తిరిగి చివరికి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇంత ఆలస్యంగానా తెచ్చేది అన్నారట. ఆ మాట ఆయన నాకు పెళ్లయిన కొత్తలో చెప్పాడు, ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు.

విశాఖలో ఒక ఆసుపత్రిలో కొలనోస్కోపీ చేశారు. ముందురోజంతా ఏదో ఉప్పటి నీళ్లు తాగించి పేగులు కడిగించారు. ఇంజక్షనుతో నిద్రపుచ్చారు. లేచేసరికి అంతా అయిపోయింది. లోపల ఒక పాలిప్ ఉంది, అంటే పేగు గోడ మీద పెరిగిన చిన్న కండలాంటిది, దాన్ని ఆ కెమెరా గొట్టంతోనే కోసి తీసేశాం, పరీక్షకి పంపుతున్నాం అన్నారు డాక్టరుగారు. ఇంటికొచ్చి పప్పన్నం తిన్నాను. రెండోరోజు డ్యూటీకి వెళ్లాను. పీడ విరగడైందనుకున్నాను.

రిపోర్టు వచ్చిందని ఫోనొచ్చిన రోజు నాకు డ్యూటీ ఉంది. సెలవు పెడతానంటే మా ఆయన వద్దన్నాడు. కాయితం తేవడానికి ఇద్దరెందుకు, నేను వెళ్లొస్తానన్నాడు. అనకాపల్లిలో ఉన్న వాళ్లక్కని, అంటే మా వదినగారిని, తోడు తీసుకెళ్తానన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. ఆ రోజు బస్సు నిండా సంతకి వెళ్లి వస్తున్న కొండోళ్లు. పసుపు మూటలు, కోళ్లు, పనస పళ్లు. సాయంత్రం బస్టాండులో దిగేసరికి మా ఆయన స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్కనాడూ నన్ను తీసుకెళ్లడానికి బస్టాండుకి రాలేదు. ఆయన్ని చూడగానే నాకు అర్థమైంది.

ఇంటికెళ్లాక చెప్పాడు. తీసేసిన ఆ పాలిప్‌లో కేన్సరుందట. మొదలు దగ్గర ఇంకా మిగిలి ఉండొచ్చట. ఆ చోట పేగు ముక్క కోసి తీసెయ్యాలట. నేను మంచం మీద కూర్చుని యూనిఫారం కూడా విప్పలేదు.

"కొయ్యించుకోకపోతే?" అన్నాను.

"వేరే దారి లేదంట," అన్నాడు.

ఆ మాట నేల చూస్తూ అన్నాడు. భయపడి నేల చూస్తున్నాడనుకున్నాను.

ఆపరేషనుకి ముందు డాక్టరుగారిని కలిశాను. చాలాసేపే మాట్లాడారు. ఎక్కడ కోస్తారో, ఎంత పేగు తీస్తారో, మళ్లీ ఎలా కలుపుతారో చెప్పారు. మలద్వారానికి దగ్గర కాబట్టి కలిపిన చోటు మానేదాకా పొట్ట పక్కన చిన్న రంధ్రం చేసి సంచి పెడతారని, కొన్ని నెలల తర్వాత దాన్ని మూసేస్తారని చెప్పారు. కొయ్యాలా వద్దా అనే మాట ఆ గదిలో రాలేదు. అది అప్పటికే తేలిపోయిన సంగతి. చూపించిన చోటల్లా సంతకం పెట్టాను.

సంచి గురించి ఎక్కువ రాయను. అది అనుభవించినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, అనుభవించనివాళ్లకి చెప్పినా తెలియదు. పొట్ట మీద కుడిపక్కన ఎర్రటి పేగు మొగ్గ బయటికి కనపడుతుండేది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నేను మొహం తిప్పేసుకున్నాను. మా ఆయన తిప్పుకోలేదు. ఆసుపత్రిలో నర్సమ్మ చూపిస్తుంటే మోటారు విప్పి చూసినట్టే వంగి శ్రద్ధగా చూసి నేర్చుకున్నాడు. నాకు చేతకానన్నాళ్లు ఆయనే సంచి మార్చాడు. చర్మం ఒరుసుకుపోతే పౌడరు అద్దాడు. ఒక్కనాడు విసుక్కోలేదు, ముక్కు మూసుకోలేదు. ఇది రాయకపోతే నేను అబద్ధం రాసినట్టే. తర్వాత నాకొచ్చిన కోపం ఎటూ తేలకపోవడానికి కారణం కూడా ఇదే.

ఆపరేషనులో తీసిన ముక్క రిపోర్టు వచ్చిన రోజు మా ఇంట్లో పండగలా ఉంది. ఆ ముక్కలో కేన్సరు ఎక్కడా లేదు. చుట్టూ తీసిన గ్రంథుల్లోనూ లేదు. మందులక్కర్లేదు, కరెంటు పెట్టక్కర్లేదు. వదినగారు గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం తెచ్చి నా నోట్లో పెట్టారు. ఎదురింటివాళ్లు వచ్చి నేను అదృష్టవంతురాలినన్నారు. నేను సంచి మీద చీర కొంగు కప్పుకుని కూర్చుని అందరికీ తలూపాను. అందరూ వెళ్లాక మా ఆయన్ని అడిగాను, అందులో ఏమీ లేనప్పుడు మరెందుకు కోసినట్టని.

"లేదని తెలవాలంటే కొయ్యాలి కదే," అన్నాడు.

నిజమే. ఆ మాటలో తప్పేమీ లేదు. ఇప్పటికీ లేదనే అంటాను.

సంచి తీసి పేగు లోపలికి కలిపాక అంతా మామూలవుతుందని అనుకున్నాం. కాలేదు. మలాన్ని నిలవ ఉంచుకునే చోటే కోసేసిన తర్వాత అది నిలవదు. తిన్న కాసేపటికి వెళ్లాలి. వెళ్లొచ్చాక మళ్లీ వెళ్లాలి. వస్తోందని తెలిసేలోపే వచ్చేస్తుంది. శరీరం అలవాటు పడుతుంది, టైము పడుతుంది అన్నారు. కొంత పడింది కూడా. ఇంట్లో ఉండే మనిషికి అది సరిపోతుందేమో. నేను ఇంట్లో ఉండే మనిషిని కాను.

సెలవయ్యాక మళ్లీ చింతపల్లి సర్వీసుకే వెళ్లాను. ఆ రూటంటే నాకు ఇష్టం. మలుపు తిరిగినప్పుడల్లా చలి పెరగడం, కాఫీ తోటల్లోకి దిగేవాళ్లు ఆగమన్న చోట బస్సు ఆగడం, నా విజిల్‌కి బస్సు కదలడం. మొదటి కొన్ని ట్రిప్పులు ఏమీ తినకుండా వెళ్లొచ్చాను. ఒకరోజు టీ ఒక్కటే తాగాను. డౌనూరు దాటి ఘాట్‌లో రెండు మలుపులు తిరిగామో లేదో కడుపులో మెలిక పడింది. విజిల్ వేశాను. డ్రైవరు ఇక్కడ ఆపకూడదని చెయ్యి ఊపాడు. మళ్లీ వేశాను. ఆపాక దిగి పరిగెత్తాను గానీ ఆ వంపులో ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క లోయ. చెట్టు చాటైనా లేదు. నా వెనకే ఒక కొండ ముసలమ్మ దిగింది. తన పైబట్ట విప్పి రెండు చేతులా చాపి నాకు అడ్డంగా పట్టుకుని, బస్సు వైపు తిరిగి నిలబడింది. నేను లేచేదాకా వెనక్కి చూడలేదు. అప్పటికే చీర పాడైంది. బస్సులో జనం ఎవరూ ఏమీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఎవరైనా నవ్వి ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది. కోప్పడడానికి ఒకళ్లు దొరికేవాళ్లు.

ఆ వారమే డిపో మేనేజరు గారికి అర్జీ పెట్టుకున్నాను. ఆయన మంచాయన, చదివి ఎక్కువ ప్రశ్నలు వెయ్యకుండా బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరుకి మార్చారు. ఇప్పుడు నా పని మైకులో చెప్పడం. చింతపల్లి వెళ్లే బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉందని రోజూ నేనే చెప్తాను. అది బయల్దేరి వెళ్తుంటే అద్దంలోంచి చూస్తాను. నా సీట్లో ఎవరో పిల్ల. మరుగుదొడ్డి కౌంటరుకి ఎదురుగానే ఉంది. అక్కడ కూర్చునే అతను నన్ను చూస్తే తలుపు వైపు చెయ్యి చూపిస్తాడు. మర్యాదకే చూపిస్తాడు. నాకు ఒళ్లు మండుతుంది.

ఇలా ఒక ఏడాది గడిచాక మా తమ్ముడి సంగతి వచ్చింది.

తోబుట్టువులకి కూడా ఈ పరీక్ష చేయించాలని డాక్టరుగారు నా ఆపరేషనప్పుడే అన్నారు. మా తమ్ముడు ఎస్. రాయవరం దగ్గర చెరుకు పండిస్తాడు. వరహా నది పక్కన పొలం. వాడికి రక్తం పడలేదు, నొప్పి లేదు, బండరాయి తిన్నా అరిగిపోతుంది. పరీక్షకి రమ్మంటే ఇప్పుడు నాట్లు, ఇప్పుడు ఫ్యాక్టరీకి చెరుకు తోలకం అంటూ తప్పించుకు తిరిగాడు. చివరికి మరదలు నాకు ఫోను చేసి ఏడిస్తే నేనే వెళ్లి పట్టుకొచ్చాను. అదే ఆసుపత్రి, అదే డాక్టరుగారు. వాడికీ ఒక పాలిప్ దొరికింది. తీసేసి పరీక్షకి పంపారు. వాడి రిపోర్టు వచ్చిన రోజు నేనే వాడితో వెళ్లాను. వాడిని ఒంటరిగా పంపితే కాయితం తీసుకుని వాళ్ల ఊరికి దిగే అడ్డరోడ్డులో దిగి సరాసరి పొలానికి పోతాడని నాకు తెలుసు.

డాక్టరుగారు రిపోర్టు చదివి, తెల్లకాగితం ఒకటి తీసుకుని పుట్టగొడుగు బొమ్మ గీశారు. గొడుగు, కింద కాడ. ఇది మీ పాలిప్, కేన్సరు ఇక్కడ గొడుగులో ఉంది, కాడ కోసిన చోట లేదు, అని పెన్నుతో చూపించారు. మా తమ్ముడు కుర్చీ అంచున కూర్చుని తువ్వాలు నలుపుతున్నాడు.

"ఇప్పుడు మీకు రెండు దారులున్నాయి," అన్నారు డాక్టరుగారు. "ఒకటి, ఇంతటితో ఆపేసి, మేం చెప్పినప్పుడల్లా వచ్చి మళ్లీ కెమెరా పరీక్ష, స్కాన్ చేయించుకుంటూ కనిపెట్టుకుని ఉండడం. రెండోది, ఆ చోటున్న పేగు ముక్క ఆపరేషన్ చేసి తీసెయ్యడం. తీసేస్తే మిగిలిందేమో అన్న బెంగ చాలావరకు పోతుంది. కానీ ఆపరేషన్ అంటే దానికుండే కష్టాలు దానికుంటాయి. మీ కేసులో మొదటి దారే చాలనిపిస్తోంది నాకు. అయినా ఒళ్లు మీది. ఇంటికెళ్లి ఆలోచించుకుని చెప్పండి."

మా తమ్ముడు తలూపాడు. నేను ఆ కాగితం మీది బొమ్మ చూస్తూ ఉండిపోయాను. రెండు దారులన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఆ తర్వాత ఆయన చెప్పింది నాకు సగమే వినపడింది.

తమ్ముణ్ణి బయట కూర్చోమని నేను లేవలేదు. అడిగాను, నాకు కూడా ఈ రెండు దారులు ఉండేవా అని. డాక్టరుగారు నా ఫైలు కంప్యూటరులో తెరిచి చాలాసేపు చూశారు. మీది ఇలా కాడ ఉన్నది కాదమ్మా, గోడకి పరుచుకుని ఉన్నది, కోసిన అంచుకి చాలా దగ్గరగా వచ్చింది అన్నారు. మీకు ఆపరేషన్ వైపే మొగ్గు ఎక్కువ అన్నారు. అయినా కనిపెట్టుకుని ఉండే దారి కూడా ఉందని, ఎక్కడ ఎంత ప్రమాదమో మీవారికి వివరంగా చెప్పామన్నారు.

"నాకు చెప్పలేదండి," అన్నాను.

"మీరు ఆ రోజు రాలేదు కదమ్మా. మీవారు మీతో మాట్లాడి చెప్తామన్నారు. మర్నాడు ఫోన్ చేసి ఆపరేషనే అన్నారు. మీ నిర్ణయమే అనుకున్నాం."

"ఆపరేషనుకి ముందు నేనే వచ్చాను కదండి. ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చున్నాను."

ఆయన నా వైపు చూడలేదు. కంప్యూటరు వైపే చూస్తూ, అడగాల్సిందన్నారు. అంతకంటే ఏమంటారు పాపం. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. నేను లేచాను.

బస్సులో మా తమ్ముడు నాకు కిటికీ పక్క సీటు వదిలాడు. వాడికి వచ్చిన జబ్బు సంగతి వాడూ మర్చిపోయినట్టు నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. అడ్డరోడ్డుకి పోయే దారి వేరు కదా, నువ్వు అనకాపల్లిలో దిగిపో అన్నాను. దిగలేదు. నర్సీపట్నం దాకా వచ్చి నన్ను ఇంటి గుమ్మంలో దింపి, లోపలికి రాకుండా తిరిగి వెళ్లిపోయాడు.

మా ఆయన షాపు నుంచి వచ్చేసరికి నేను అన్నం వండలేదు. చేతులకంటిన వార్నిష్ కిరసనాయిలుతో తుడుచుకుంటూ, మీ తమ్ముడికి ఏమన్నారని అడిగాడు. రెండు దారులున్నాయన్నారు, నాకు కూడా ఉన్నాయట కదా అన్నాను. ఆయన తుడుచుకోవడం ఆపలేదు. చేతులు శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"మీకు సెప్పేరంట కదా," అన్నాను.

"సెప్పేరు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"నీకు సెప్తే నువ్వేటంటావో నాకు తెల్దేటి? కొయ్యించుకోనంటావు. డూటీ అంటావు. సూద్దారిలే అంటావు. మా యమ్మా అలాగే అన్నాది."

"అన్నాననుకోండి. అది నా మాట కదా."

ఆయన కిరసనాయిలు సీసా మూత బిగించాడు. "మూణ్ణెల్లకోపాలి నిన్ను తీసుకెల్లి, ఏటి సెప్తారో అని ఆ బెంచీ మీద కూకోడం నా వల్ల కాదే. ఒక్కపాలి తెగిపోతే సాలనుకున్నాను."

"మీరు నిద్రపోడానికి నా పేగు కోయించేరు," అన్నాను.

ఆయన లోపలికెళ్లి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాడు. తర్వాత తర్వాత కూపీ లాగితే ఇంకా కొన్ని తెలిశాయి. ఆ రోజు విశాఖ నుంచి వస్తూ వదినగారితో బస్సులో దారంతా ఇదే మాట్లాడాడట. షాపు పక్కన టైర్ల అతన్ని కూడా అడిగాడట, వాళ్ల మావయ్యకి ఇలాంటిదే అయిందని. మా వదినగారి అల్లుడికి తెలుసు. టైర్ల అతని భార్యకి తెలుసు. ఇంతమంది కూర్చుని నా కడుపు గురించి ఒక మాటకొచ్చారు. నేను ఆ టైములో ఘాట్ రోడ్డులో టికెట్లు కొడుతున్నాను.

ఇక్కడ ఒక్క విషయం ఒప్పుకోవాలి. నన్ను అడిగి ఉంటే నేనూ ఆపరేషనే అనేదాన్నేమో. డాక్టరుగారి మొగ్గు అటే ఉంది. భయం ముందు మొండితనం నిలవదు. ఆ రోజు ఆ కుర్చీలో కూర్చుని నా పాలిప్ బొమ్మే చూసి ఉంటే, పోనీ తీసెయ్యండి అనేదాన్నేమో. అప్పుడు ఈ పరుగులన్నీ నేను కోరి తెచ్చుకున్నవి అయ్యేవి. ఇప్పుడేవీ నావి కావు. మరుగుదొడ్డి వైపు పరిగెత్తిన ప్రతిసారీ ఇది ఎవరో నాకు పెట్టిన పనిలా ఉంటుంది. మా ఆయనకి ఇది చెప్పాలని చూశాను. ఆయనకి అర్థం కాలేదు. బతికున్నావు కదా అంటాడు. నిజమే, బతికే ఉన్నాను.

మా తమ్ముడు వారం తర్వాత ఫోను చేశాడు. ఏం చెయ్యమంటావక్కా అని అడిగాడు. మరదలు ఆపరేషను చేయించుకోమని పట్టుబడుతోందట. నిన్నడిగారు, నువ్వే చెప్పు, నన్ను అడక్కు అన్నాను.

"నానైతే కొయ్యించుకోనక్కా," అన్నాడు. "నీ పాట్లు సూసేక ఎలాగ ఒప్పుకుంటాను?"

వాడు ప్రేమగానే అన్నాడు. ఫోను పెట్టేశాక నేను కౌంటరులో కూర్చుని ఏ బస్సు ఎప్పుడు వెళ్తుందో మైకులో చెప్పడం మర్చిపోయాను. ఊళ్లో పిల్లలకి ఫలానా వాళ్లని చూసి బుద్ధి తెచ్చుకోండని చెప్తారే, అలాంటి ఫలానా మనిషిని అయ్యాను. నా తమ్ముడికి నేను చేసిన మేలు అది.

వాడు మొదటిసారి పరీక్షకి బుద్ధిగా వచ్చాడు. ఏమీ లేదన్నారు. రెండోసారికి చెరుకు ఫ్యాక్టరీకి తోలే రోజులొచ్చాయి. ఇదిగో అదిగో అంటూ నెలలు దాటించాడు. నాకు వాడి మీద వచ్చినంత కోపం మా ఆయన మీద కూడా రాలేదు. కనిపెట్టుకుని ఉండడమనేది ఊరికే ఉండడం కాదు. ఆ దారి నాకు ఇచ్చి ఉంటే ఒక్క తేదీ తప్పించేదాన్ని కాదు. వీడికి అడిగి మరీ ఇచ్చారు, వీడు పొలం గట్టు మీద పారేశాడు. సెలవు పెట్టి వాడి ఊరు వెళ్లాను. కళ్లంలో మనుషుల ముందే తిట్టాను.

"బాగానే ఉన్నాను కదక్కా," అన్నాడు వాడు.

"బాగున్నావని నువ్వెలాగ సెప్తావురా? నానూ మొలలే అనుకున్నాను. నీకు సూసుకోడానికి ఒక దారి ఇచ్చేరు, నువ్వు సూసుకోవు. రేపు బేగి లెగు, నాతో రావాల."

మరదలు వాడి చొక్కా తెచ్చి నా చేతికే ఇచ్చింది. మర్నాడు వచ్చాడు.

ఆసుపత్రి బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చున్నాను. మా ఆయన కూర్చోలేనన్న బెంచీ అది. అప్పుడు తెలిసింది, ఆయన చెప్పింది అబద్ధం కాదని. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడతాం, ఇంకెవరి పేరో పిలుస్తారు, మళ్లీ కూర్చుంటాం. మూణ్ణెల్లకోసారి ఇది మనిషిని తినేస్తుంది. అది తెలిసినంత మాత్రాన నాకు ఆయన మీద జాలి రాలేదు. నా బెంచీ నేను కూర్చునేదాన్ని కదా, ఆయన్ని కూర్చోమని నేనెప్పుడన్నానని మాత్రం అనుకున్నాను.

మా తమ్ముడు ఇంజక్షను మత్తు వదలని మొహంతో బయటికొచ్చాడు. వెనకే నర్సమ్మ వచ్చి అంతా శుభ్రంగా ఉందని, ఏమీ లేదని చెప్పింది. స్కానులో కూడా ఏమీ లేదట. ఆ మాట వినగానే ముందు నాకు సంతోషం రాలేదు. ముందు కడుపు మండింది. అది దాటాకే సంతోషం వచ్చింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను గానీ ముందొచ్చింది అదే. నా చేతుల మీద పెరిగినవాడు వాడు. అయినా అలాగే అయింది.

తిరుగు బస్సులో వాడికి ఆకలేసి అరటిపళ్లు కొన్నాడు. నాకొకటి ఇచ్చాడు, నేను వద్దన్నాను. మత్తు దిగిపోయి హుషారుగా చెరుకు గురించి, ఈ ఏడు టన్నుకి ఎంత ఇస్తారో గురించి చెప్తున్నాడు. అడ్డరోడ్డు వైపు తర్వాత వెళ్తానని నాతోనే వస్తున్నాడు. తాళ్లపాలెం దాటి మాకవరపాలెం వైపు తిరిగాక నాకు మెలిక పడింది. కండక్టరు కొత్త అమ్మాయి, నన్ను ఎరగదు. ఆపమంటే, స్టాపులో తప్ప ఆపమండి అంది. మా తమ్ముడు లేచి డ్రైవరు దగ్గరికెళ్లి అరిచాడు. బస్సు ఆగింది. జీడితోట ఒకటి కనపడితే అందులోకి వెళ్లాను. వాడు రోడ్డు పక్కన తువ్వాలు భుజాన వేసుకుని, బస్సులోవాళ్లకి నేను కనపడకుండా అడ్డంగా నిలబడ్డాడు.

నేను తిరిగొచ్చేసరికి బస్సులో అందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు. మా తమ్ముడు కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకది నచ్చలేదు. ఎక్కమన్నాను. ఎక్కాడు. ఆ అమ్మాయి విజిల్ వేసింది.